ఆల్బకర్కీ వెళ్తే ఎల్ వాడో మోటెల్‌లో దిగండి

డల్లస్ నుంచి న్యూమెక్సికో వెళ్ళే మనవాళ్ళు చాలామంది హైవే ఎగ్జిట్ పక్కన ఏదో ఒక హోటల్లో పడుకుని, పొద్దున్నే శాంటా ఫే దారి పడతారు. పొడవాటి కారిడార్, తెరుచుకోని కిటికీ. ఏ ఊళ్ళో ఉన్నామో కూడా తెలియదు. ఈసారి నాన్నతో వెళ్ళాం కాబట్టి పట్టుబట్టి న్యూమెక్సికోలోని ఆల్బకర్కీ నగరంలో, సెంట్రల్ అవెన్యూ మీదున్న ఎల్ వాడో బుక్ చేశాను.

దీన్ని 1937లో ఐర్లండ్ నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ కట్టించారు. షికాగో నుంచి లాస్ ఏంజెలిస్ దాకా సాగిన పేరున్న పాత హైవే రూట్ 66ను నేరుగా ఈ వీధి మీదికి మళ్ళించిందీ ఆ ఏడాదే. వచ్చేవాళ్ళందరూ కార్లలోనే వస్తారు, అందుకే ప్లాన్ అంతా కారును బట్టి సాగింది. ఒకే అంతస్తు, ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో వాకిలి, గదుల పక్కనే కారు షెడ్లు. మెట్లు లేవు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న నాన్నకి ఇంతకంటే ఏం కావాలి?

అసలు అందం గోడల్లో ఉంది. అక్కడి మూలవాసులైన ప్యూబ్లో ప్రజల మట్టి ఇళ్ళ రూపంలో కట్టారు. మూలలు గుండ్రంగా ఉంటాయి, పిట్టగోడలు వంపులు తిరుగుతాయి, గోడల్లోంచి దూలాల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. తాడిపత్రి మిద్దె ఇంట్లో పెరిగిన నాన్న వాటినే చూస్తూ నిలబడిపోయారు. "మన మిద్దె దూలాలే కదమ్మా! ఎండ దేశంలో ఎవరైనా ఇట్లే కడతారు" అన్నారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఈ మాట నాకు ఏ పాఠంలోనూ ఇంత సూటిగా దొరకలేదు.

2005లో ఇది మూతపడింది. పడగొట్టి ఇళ్ళు కట్టాలన్న ప్రయత్నమూ జరిగింది. నగరం దీన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించి, తర్వాత తనే స్వాధీనం చేసుకుంది. 2018లో మళ్ళీ తెరిచారు. కొన్ని గదులు చిన్న దుకాణాలయ్యాయి, వాకిట్లో తిండి అంగళ్ళు వచ్చాయి. నాకిది సరైన పనే అనిపించింది, ఎందుకంటే జనం తిరగని కట్టడం ఎక్కువకాలం నిలవదు. ఇదే వీధిలోని అజ్టెక్ మోటెల్‌కి ఆ అదృష్టం లేదు, 2011లో కూల్చేశారు. రాజభవనాలను కాపాడమని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మామూలు మనుషులు దారిలో ఒక రాత్రి ఆగిన చోటు కోసం ఎవరో ఒకరు పట్టుదలగా అడగాలి.

గదులు పాతకాలపు కొలతలవి, పెద్ద సూట్‌కేసులు కారులోనే ఉంచండి. చీకటి పడ్డాక ఈకల కిరీటం ఉన్న నియాన్ బోర్డు తప్పక చూడండి. బస చేయకపోయినా పర్వాలేదు, వాకిట్లో ఏదైనా తింటూ గోడలన్నీ తీరిగ్గా చూడొచ్చు.