గ్రీసులో వారం రోజుల తెరచాప యాత్ర: సరోనిక్ మేలా, అయోనియన్ మేలా?

మొదటిసారి యాట్ అద్దెకు తీసుకుని గ్రీసులో ఓ వారం తిరుగుదామనుకున్నవాళ్లు మ్యాపు తెరవగానే శాంటొరినీ మీదో మికొనోస్ మీదో వేలు పెడతారు. జులై, ఆగస్టు నెలల్లో అయితే ఆ వేలు అక్కణ్నుంచి తీసేయమంటాను. ఆ దీవులున్న సైక్లడీస్ మీద వేసవిలో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, గాలి మాత్రం బోఫర్ట్ స్కేలు (గాలి జోరును కొలిచే 0 నుంచి 12 అంకెల కొలమానం) మీద 6, 7 దాకా లేచి రోజుల తరబడి పట్టు వదలదు. ఏథెన్స్ నుంచి దక్షిణానికి పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి ఏమీ తెలియదు. శుక్రవారం సాయంత్రానికల్లా పడవను తిరిగి అప్పజెప్పాలి కదా, ఆ రావడమంతా గాలికి ఎదురీతే. పిల్లలతో, అలవాటు లేని పెద్దవాళ్లతో అది వద్దు.

ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే మొదటి యాత్రకు నిజంగా తూచి చూడాల్సినవి రెండే. ఒకటి ఏథెన్స్‌ను ఆనుకుని ఉన్న సరోనిక్ అఖాతం. రెండోది పడమటి తీరాన లెఫ్కడా దీవి చుట్టూ ఉన్న అయోనియన్ సముద్రం. రెండుచోట్లా నీళ్లు అద్దంలా ఉంటాయి, రెండుచోట్లా అడుగడుక్కీ చరిత్ర ఉంది. వాటిని బట్టి ఏదో ఒకటి ఎంచుకోవడం కష్టం. సాయంత్రం పడవ కట్టడానికి చోటు దొరుకుతుందా, ఆ చోటు పట్టే వేళకు గాలి ఎలా ఉంటుంది అని అడిగితే తేడా తేలిపోతుంది.

ఈ ప్రశ్నకు ఎందుకంత బరువు ఇస్తున్నానో చెప్పాలి. గ్రీసు రేవుల్లో పడవను గట్టుకు పక్కవాటుగా కట్టనివ్వడం అరుదు. ముందువైపు లంగరు వేసి, అమరం, అంటే పడవ వెనుక కొస, గట్టుకు ఆనేలా వెనక్కి నడపాలి. గట్టుకు నాలుగైదు పడవల పొడవు దూరంలో లంగరు జారవిడిచి, గొలుసు ఆగకుండా వదులుతూ, అటూ ఇటూ ఉన్న రెండు పడవల సందులోకి తిన్నగా రావాలి. పక్కలకు ఫెండర్లు, అంటే రాపిడి తగలకుండా కాసే గాలి బుడ్డలు, ముందే వేలాడదీసి ఉంచాలి. గట్టు అందగానే గాలి ఏ వైపునుంచి వీస్తుందో ఆ వైపు తాడు మొదట కట్టాలి, లేకపోతే పడవ పక్కవాళ్ల మీదికి ఒరిగిపోతుంది. ఆ తర్వాత గొలుసు బిగించి లంగరు అడుగున పట్టిందో లేదో చూసుకోవాలి. గాలి లేనప్పుడు ఇది పది నిమిషాల పని. అడ్డగాలి కొడుతున్నప్పుడు, గట్టు మీద హోటళ్లలో కూర్చున్నవాళ్లంతా చూస్తున్నప్పుడు, కొత్తవాళ్లకు చెమటలు పట్టిస్తుంది. మధ్యధరాలో ఆటుపోట్లు నామమాత్రం కాబట్టి రాత్రి నీళ్లు తీసేసి పడవ నేలను తాకుతుందన్న భయం లేదు, అదొక్కటే ఊరట.

సరోనిక్ గొప్పతనం దగ్గరితనం. ఏథెన్స్ విమానాశ్రయంలో దిగి టాక్సీ ఎక్కితే అలిమోస్ మెరీనా, అంటే యాట్‌లు నిలిపే రేవు, దగ్గర దిగొచ్చు. అక్కణ్నుంచి ఎయిగినా సుమారు 17 నాటికల్ మైళ్లు. పిస్తా తోటల దీవి అది. కొండ మీది అఫాయా ఆలయం క్రీ.పూ. 500 ప్రాంతపు డోరిక్ (ప్రాచీన గ్రీకు స్తంభాల శైలి) కట్టడం. స్వతంత్ర గ్రీసుకు మొదటి రాజధాని కూడా ఎయిగినాయే. ఎదుటి తీరంలో పాత ఎపిడావ్రోస్ రేవు చిన్నది, అందమైనది. అక్కడ పడవ కట్టేసి కారులో లోపలికి వెళితే క్రీ.పూ. 4వ శతాబ్దపు రంగస్థలం ఉంది. దాదాపు 14,000 మంది పట్టే ఆ మెట్ల మీద కూర్చుంటే కింద మాట్లాడే మాట పైదాకా వినిపిస్తుంది. చదువుకునే పిల్లలున్న ఇంటివాళ్లకు ఇంతకన్నా మంచి రేవు చూపించలేను.

పోరోస్ అయితే నాకు ప్రాణం. దీవికీ పెలొపొనీస్ తీరానికీ మధ్య సన్నని జలసంధి, గట్టంతా పొడవునా పడవలు కట్టుకునే చోటు, రెండడుగులు వేస్తే కూరగాయల కొట్టు. గాలి ఎటు తిరిగినా దగ్గర్లోనే ఒక మూల దొరుకుతుంది.

తంటా అంతా హైడ్రాతోనే. మోటారు బళ్లు లేని దీవి, సామాన్లు మోసేది గాడిదలు. ఫొటోల్లో చూసి మనసు పారేసుకోని వాళ్లుండరు. రేవు మాత్రం చాలా చిన్నది. వేసవిలో మధ్యాహ్నానికే నిండిపోతుంది, తర్వాత వచ్చినవాళ్లు ముందున్న పడవలకే తమ పడవలు కట్టుకుంటారు. నీటి అడుగున ఒకరి గొలుసు మీద ఇంకొకరి గొలుసు పడుతుంది. పొద్దున అందరికంటే ముందు బయలుదేరాలన్నవాడు పదిమందిని నిద్రలేపాలి. ఫెర్రీలు రేపే అలలు సరేసరి. అందుకే హైడ్రాను రేవుల జాబితాలోంచి తీసేసి చూడాల్సిన ఊళ్ల జాబితాలో వేసుకోమంటాను. పడవను ఎదుటి తీరంలో ఎర్మియోనిలో కట్టుకోండి. ఆ ఊరు సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల మీద ఉంటుంది, రెండువైపులా గట్టు ఉంది కాబట్టి గాలిని బట్టి వైపు మార్చుకోవచ్చు. అక్కణ్నుంచి ఫెర్రీలో హైడ్రా వెళ్లి, ఊరంతా తిరిగి, రాత్రికి నిశ్చింతగా మీ పడవలో పడుకోవచ్చు.

ఇంకో మాట. ఏథెన్స్‌వాళ్లకు కూడా ఈ సముద్రమే పెరడు. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం దాకా వాళ్ల పడవలన్నీ ఎయిగినా, పోరోస్‌లలోనే ఉంటాయి. చార్టర్, అంటే పడవ అద్దె, శనివారం మొదలవుతుంది కాబట్టి మొదటి రెండు రాత్రులు ఈ రద్దీలో పడకుండా చూసుకోవాలి.

అయోనియన్‌కు చేరడమే కాస్త శ్రమ. ప్రెవెజా విమానాశ్రయానికి యూరప్ నగరాల నుంచి వేసవిలో విమానాలుంటాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఏథెన్స్‌లో దిగితే రోడ్డు మీద ఇంకో నాలుగైదు గంటలు. ఒకసారి లెఫ్కడా చేరాక మాత్రం ఈ సముద్రం కొత్తవాళ్లను చెయ్యిపట్టి నడిపిస్తుంది. పొద్దున గాలి ఉండదు. మధ్యాహ్నం నుంచి మైస్త్రో అనే వాయవ్యపు గాలి లేస్తుంది, బోఫర్ట్ 3 నుంచి 5 మధ్య. చీకటి పడేసరికి తగ్గిపోతుంది. వేసవిలో చాలా రోజులు ఇదే వరస. పొద్దున ఈత, భోజనమయ్యాక తెరచాప, రాత్రి కదలని పడవలో నిద్ర. దీవులు కూడా ఒకదానికొకటి దగ్గర, చాలా అంచెలు 15 మైళ్ల లోపే.

రేవుల సంగతికొస్తే లెఫ్కడా పక్కనున్న మెగనిసి దీవిలోని స్పార్తోహోరి మొదటి రాత్రికి బాగుంటుంది. అక్కడ టావెర్నావాళ్లకే (చిన్న భోజనశాలలవాళ్లకే) సొంత జెట్టీలున్నాయి. తాడు వాళ్లే అందుకుంటారు, మన లంగరు వేసే పని తప్పుతుంది, రాత్రి భోజనం వాళ్ల దగ్గర చేస్తే చాలు. శాకాహారులు దిగులుపడక్కర్లేదు: టమాటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, ఆకుకూర, వంకాయ, గుమ్మడికాయ రకాలు ఎక్కడైనా ఉంటాయి. ఇథాకా దీవిలో కియోని ముచ్చటైన ఊరు, వాయవ్యపు గాలికి కొండ చాటు. అదే దీవిలో వాథీ లోతైన అఖాతం, చూడ్డానికి ఇంతకంటే భద్రమైన చోటు ఉండదనిపిస్తుంది, మధ్యాహ్నం వేళ మాత్రం మైస్త్రో కొండల మీదనుంచి దిగి ఆ లోపల విసురుగా కొడుతుంది. కెఫలోనియా దీవిలో ఫిస్కార్డో 1953 భూకంపం కూల్చకుండా వదిలిన కొద్ది ఊళ్లలో ఒకటి, పాత ఇళ్లు అలాగే నిలిచాయి. అందుకే అందరూ అక్కడికే వస్తారు. మధ్యాహ్నం దాటాక గట్టు మీద చోటు మీద ఆశ పెట్టుకోకూడదు. ఉత్తరపు ఒడ్డున లంగరు వేసి, రాళ్లకు తాడు కట్టుకుని ఉండొచ్చు.

భద్రంగా కనిపించే చోట కూడా వాతావరణ సూచన చూడకుండా నిద్రపోకూడదు. లెఫ్కడాలోని నిద్రి ఊరికి పక్కనే చుట్టూ నేలతో మూసుకున్న వ్లిఖో అఖాతంలో 2011 సెప్టెంబరులో ఉన్నట్టుండి విరుచుకుపడ్డ గాలివాన ఎన్నో పడవల్ని ఒడ్డున పడేసింది.

నా తీర్పు నెలను బట్టి మారుతుంది. మే, జూన్ తొలి వారాలు, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు అయితే సరోనిక్. అప్పుడు రద్దీ తగ్గుతుంది, ఎండ మెత్తబడుతుంది, శిథిలాల్లో తిరిగే ఓపిక ఉంటుంది. పిల్లల సెలవుల కోసం జులై, ఆగస్టుల్లోనే వెళ్లక తప్పదంటే, అందులోనూ చుక్కాని పట్టేది మొదటిసారైతే, అయోనియన్ తప్ప ఇంకోటి చెప్పను. విమానం ఖర్చు కొంత పెరిగినా సరే. లైసెన్సు విషయం మాత్రం రెండుచోట్లా ఒకటే: స్కిప్పర్‌కు, అంటే పడవ నడిపే సారథికి, గుర్తింపు పొందిన సర్టిఫికెట్ ఉండాలి, తోడుగా పడవ పని తెలిసిన రెండో మనిషి ఉండాలి. లేకపోతే స్కిప్పర్‌ను అక్కడే పెట్టుకోవచ్చు. ఒక గది ఆయనకు పోతుందని ముందే లెక్క వేసుకోండి.

ఏ వైపు వెళ్లినా ప్రతి రాత్రికీ రెండు రేవులు రాసుకోండి, రెండోది మొదటిదానికి గంట ప్రయాణంలో ఉండాలి. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి మొదటిదాని ముందుకు చేరితే రెండోదానితో పని పడకపోవచ్చు. లెఫ్కడాలో పడవ తీసుకున్నవాళ్లు తిరిగొచ్చేటప్పుడు, దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న కాలువలోకి దక్షిణం వైపు నుంచి రండి. మెరీనా ఆ కాలువ మీది వంతెనకు ఇవతలే ఉంటుంది, వంతెన తెరిచేదాకా కాచుకోనక్కర్లేదు.