కంపెనీ సీఎన్‌జీనా, బయటి కిట్టా?

కంపెనీయే సీఎన్‌జీ గ్యాస్ కిట్ అమర్చి అమ్మే కారు కొనాలా, పెట్రోల్ కారుకు బయట ఆ కిట్ వేయించాలా? భీమవరం, అమలాపురం వైపు పెట్రోల్ కారున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పడే సందిగ్ధమే ఇది.

ఖర్చు: బయటి కిట్ చవక. కంపెనీ సీఎన్‌జీ మోడల్ కొంటే చాలా కార్లలో లక్షకు అటూఇటూగా ఎక్కువ పడుతుంది.

వారంటీ: అసలు పేచీ ఇక్కడే. కంపెనీ బండిలో ఇంజిన్, వైరింగ్, గ్యాస్ కిట్ అన్నిటికీ కంపెనీదే పూచీ. బయట వేయిస్తే ఇంజిన్, ఫ్యూయల్, ఎలక్ట్రికల్ క్లెయిములు కొట్టేయడానికి వాళ్లకు సాకు దొరికినట్టే. బానెట్ ఎత్తగానే ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగం) వైరు కోసి నల్ల టేపు చుట్టిన అతుకు కనబడిపోతుంది. కోనసీమ ఉప్పుగాలికి ఆ అతుకులో రాగి పచ్చగా చిలుం పడుతుంది కూడా. వైరు కోయకుండా కప్లర్లతో, అంటే ప్లగ్‌లా గుచ్చే జాయింట్లతో బిగిస్తే కొంత నయం. అంతమాత్రాన వారంటీ నిలుస్తుందనుకోకండి. ‘ఏం కాదండీ’ అని మెకానిక్ చెప్పే మాట సర్వీస్ సెంటర్లో చెల్లదు.

శ్రమ: బయటి కిట్‌ను ఆర్సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి. మూడేళ్లకోసారి సిలిండర్ టెస్ట్ రెండిటికీ తప్పదు.

కొత్తగా కొంటూ, రోజూ రాజమండ్రి దాకా తిరిగేవాళ్లయితే కంపెనీదే తీసుకోండి. వారంటీ దాటిన పాత బండికి ఆమోదం ఉన్న బయటి కిట్ చాలు. వారంటీ ఇంకా మిగిలుంటే, అది అయ్యేదాకా పెట్రోలే పోయించండి.