రాజమండ్రి సిమ్యులేటర్‌లో గంటసేపు: 5కి మూడున్నర స్టార్లు

మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. మనకి విమానాలతో పనేంటంటారా? మా అమ్మాయి పైలట్ ట్రైనింగులో ఉందండి. మొన్న ఒక్కత్తే సెస్నా 172 అనే చిన్న విమానం దింపుతుంటే ‘రెండుసార్లు గెంతింది నాన్నా, మళ్ళీ లేపేశాను’ అని చెప్పి ఫోను పెట్టేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఆదివారం రాజమండ్రి వెళ్ళి ఈ సిమ్యులేటర్, అంటే తెర ముందు కూర్చుని ఉత్తుత్తి విమానం నడిపే యంత్రం, ఎక్కేశా. గంటకి పదిహేను వందలు.

పైకి లేపడం ఐదు నిమిషాల్లో వచ్చేసింది. మిగతా గంటంతా దింపడమే! నేర్పే కుర్రాడు మన మధురపూడి రన్‌వేనే పెట్టి, ‘దిగేటప్పుడు వేగం 65 నాట్లు దాటొద్దు అంకుల్’ అన్నాడు. నాట్లంటే మనకి తెలిసినవి వరినాట్లే కదండీ. 80తో వచ్చేశా. నేలకి మూరెడెత్తులో తేలుతూ పోతోందే గానీ కూర్చోదు. నేల దగ్గరపడితే రెక్కలకి గాలి నిరోధం తగ్గుతుందట, అందుకని ఆ మిగులు వేగం ఓ పట్టాన చావదు. విసుగొచ్చి యోక్, అదే విమానం స్టీరింగు, ముందుకి నొక్కా. ముందు చక్రం ధన్‌మని తగిలి పైకి గెంతింది. మళ్ళీ నొక్కా, ఇంకా ఎత్తు గెంతింది. మూడోసారికి ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుని తెర ఆగిపోయింది.

కొత్తవాళ్ళు చాలామంది చేసేదిదేనట. దిగే బరువు మోయాల్సింది రెక్కల కిందున్న రెండు చక్రాలు. ముందు కాలు అంత దెబ్బకి తట్టుకోదు. గెంతిందంటే మొండికెయ్యకుండా ఫుల్ పవరిచ్చి లేపేసి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. సఖినేటిపల్లి రేవులో పంటు సరంగు ఇంజను ఎంత ముందు తగ్గిస్తాడో గుర్తొచ్చింది. 15 నాట్లే కదా ఎక్కువ అనుకున్నా గానీ, శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, లెక్కేస్తే అణచాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు!

లోపాలూ ఉన్నాయి. కుడి పెడల్ లూజు, అందుకని పక్కగాలి పాఠం సరిగ్గా కుదర్లేదు. కుర్చీ కదలదు కాబట్టి విమానం కిందికి జారుతున్నట్టు ఒంటికి తెలీదు. ఏసీ గాలంతా కంప్యూటర్‌కే. టీ మాత్రం బావుంది.

ఇంటికొచ్చి ఫోన్ చేశా. ‘అమ్మలూ, ప్రొపెల్లర్ విరగ్గొట్టానే.’

‘ముందుకి నొక్కావా నాన్నా?’ అని ఒకటే నవ్వు.