ఖషోగ్గీ హత్య: రియాద్ విచారణ, ఇస్తాంబుల్ విచారణ

సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని తన దేశ కాన్సులేట్‌లో హత్యకు గురికాగా, ఆ ఒక్క నేరంపై రెండు దేశాల న్యాయస్థానాలు వేర్వేరుగా విచారణ జరిపాయి.

రియాద్ కోర్టుకున్న బలం, నిందితులు దాని అధీనంలో ఉండటమే. 2019 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష, ముగ్గురికి జైలుశిక్ష పడ్డాయి. హంతకులను క్షమిస్తున్నట్లు మృతుని కుమారులు ప్రకటించిన దరిమిలా, 2020 సెప్టెంబరులో ఆ మరణశిక్షలు 20 ఏళ్ల కారాగారవాసంగా మారాయి. అయితే విచారణంతా గోప్యంగా సాగింది, దోషుల పేర్లైనా ప్రభుత్వం ప్రకటించలేదు. గూఢచార విభాగ మాజీ ఉపాధిపతి అహ్మద్ అల్ అసీరీ నిర్దోషిగా బయటపడగా, రాజాస్థాన సలహాదారు సౌద్ అల్ ఖహ్తానీపై అభియోగమే నమోదు కాలేదు.

ఇస్తాంబుల్‌లో ఆ ఇద్దరూ నిందితులే. 2020 జులైలో 20 మంది సౌదీ పౌరులపై, వారి గైర్హాజరీలోనే మొదలైన ఆ విచారణకు శిక్ష అమలు చేసే శక్తి లేకపోయినా, సాక్ష్యాలు బహిరంగంగా నమోదయ్యాయి. ఖషోగ్గీ లోపలికి వెళ్లిన గంటలోపే తందూరు పొయ్యి వెలిగించమన్నారని కాన్సులేట్ సిబ్బందిలో ఒకరు చెప్పిన మాట రియాద్‌లో బయటి ప్రపంచం చెవిన పడేది కాదు. నా దృష్టిలో, శిక్షలు విధించిన కోర్టు కన్నా, విధించలేకపోయిన ఈ కోర్టే సత్యానికి ఎక్కువ మేలు చేసింది.

అదీ ఎంతో కాలం నిలవలేదు. 2022 ఏప్రిల్ 7న కేసును సౌదీకే బదిలీ చేశారు. ఆ నెలాఖరులోనే తుర్కియే అధ్యక్షుడు ఎర్డోగాన్ జెడ్డా వెళ్లారు.