ఉద్దానం తోటకో మడత చాకు: ఒపినెల్ 8, కార్బనా స్టెయిన్‌లెస్సా?

నా ఎడమ చూపుడు వేలి మీద అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంటుంది. విజయనగరం పైడితల్లమ్మ పండక్కి వెళ్లినప్పుడు రోడ్డు పక్క కొట్లో కొన్న మడత చాకు పెట్టిన గీత అది. ఎర్ర ప్లాస్టిక్ పిడి, తళతళలాడే బ్లేడు, ధర నూట ఇరవై. కవిటి దగ్గర మా తోటలో కొబ్బరి తాడు ముడి ఒకటి తడిసి బిగుసుకుపోతే, విప్పుదామని చాకు మొనని ముడిలోకి గుచ్చి నెట్టాను. ముడి కదల్లేదు. బ్లేడే మడతపడి వేలి మీదకొచ్చింది. మూడు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్.

తప్పు చాకుది సగం, నాది సగం. ఆ రకం చాకుల్లో బ్లేడుని తెరిచి ఉంచేది పిడి వెనకవైపు ఉండే స్ప్రింగు పట్టీ ఒక్కటే. మామూలుగా కోసేటప్పుడు మన బలం బ్లేడుని ఇంకా తెరుచుకునే వైపే తోస్తుంది కాబట్టి ఏమీ కాదు. మొనతో పొడిచినప్పుడు బలం ఎదురు తిరిగిందంటే స్ప్రింగు దాన్ని ఆపలేదు. శ్రీకాకుళంలో పిల్లలకి సైన్సు చెప్పే మాస్టారిని నేను. ఈ సంగతి కుట్లు పడ్డాక గానీ తట్టలేదు.

అందుకని రెండోసారి కొనేటప్పుడు ఒకటే పట్టుదల: లాక్ ఉండాలి. స్టాఫ్ రూములో అందరూ విక్టోరినాక్స్ కొనమన్నారు. స్విట్జర్లాండ్ వాళ్లది, మంచి పేరున్న సరుకే. ఆ బుల్లి కత్తెర చూస్తే నాకూ మనసు లాగింది. కానీ జేబులో పట్టే చిన్న సైజుల్లో చాలావాటికి లాక్ ఉండదు, స్ప్రింగే. దారం కత్తిరించుకోవడానికి, ఉత్తరాలు చింపుకోవడానికి అది చాలు. నాకు తోట పని ఉంది, పైగా వేలి మీద గీత ఉంది.

చివరికి ఒపినెల్ 8 దగ్గర ఆగాను. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు ఇది. సైజులకి పేర్లు లేవు, నంబర్లే. 6 అయితే బ్లేడు 7 సెంటీమీటర్లు, 7 అయితే 8, 8 అయితే 8.5. నా అరచేతికి 8 సరిగ్గా సరిపోయింది. రెండు వేలకి కాస్త అటూ ఇటూగా పడింది. బరువు యాభై గ్రాములుంటే గొప్ప, చొక్కా జేబు కిందికి లాగదు.

దీని లాక్ చూస్తే ముచ్చటేస్తుంది. బీచ్ చెక్క పిడి, దాని మెడకి ఒక ఉక్కు రింగు. రింగుకి ఒకచోట చీలిక. బ్లేడు తెరిచి, బొటనవేలితో రింగుని కొంచెం తిప్పితే చీలిక పక్కకి జరిగి, బ్లేడు మొదలుకి రింగు అడ్డంగా కూర్చుంటుంది. ఇక మడతపడే దారే లేదు. 1955 నుంచీ ఇదే ఏర్పాటు, విరోబ్లాక్ అంటారు. ఇప్పుడొచ్చేవాటిని మూసిపెట్టి కూడా లాక్ చేసుకోవచ్చు కాబట్టి సంచిలో దానంతటది తెరుచుకుంటుందన్న టెన్షన్ లేదు. చిక్కల్లా ఒకటే: రింగు తిప్పాలని మనకి గుర్తుండాలి. తిప్పలేదా, అది నా నూట ఇరవై రూపాయల చాకుకంటే ఏమంత మేలు కాదు.

నేను ఆన్‌లైన్‌లో స్టెయిన్‌లెస్ అని చూసి ఆర్డర్ పెట్టాను. అమ్మినవాడు కార్బన్, అంటే తుప్పు పట్టే మామూలు ఉక్కుది పంపాడు. తేడా తెలియక వారం వాడేశాను. తోటలో పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు పావురం మెడలా నీలంగా, ఊదాగా మెరిసింది. అబ్బో అనుకున్నాను. ముక్క నోట్లో పెడితే ఇనుము రుచి! ఆ రోజు తుడవకుండా అలాగే మడిచి జేబులో వేసుకున్నాను. రాత్రంతా సముద్రపు గాలి, పొద్దున్న చూస్తే మొన దగ్గర నారింజ రంగు చుక్కలు. గిన్నెలు తోమే పీచు, కొబ్బరినూనె పెట్టి రుద్దితే పోయాయి, మచ్చలు మాత్రం ఉండిపోయాయి. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని చూస్తే బ్లేడు మీదే రాసి ఉంది: కార్బోన్. స్టెయిన్‌లెస్ అయితే ఇనాక్స్ అని ఉంటుంది. పెట్టె విప్పగానే ముందు ఆ మాట చూసుకోండి, తిప్పి పంపే గడువు దాటకముందే.

స్టెయిన్‌లెస్‌లో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది. అది గాలి తగిలి పైన కంటికి కనపడని పొర కడుతుంది, తుప్పు ఆగేది దానివల్లే. అలాగని ఉప్పుగాలిలో ఎన్నాళ్లు వదిలేసినా ఏమీ కాదనుకోకూడదు. తర్వాత తెప్పించిన ఇనాక్స్‌తో జామకాయలు, జీడిమామిడి పండ్లు, ఎరువు బస్తాల కుట్లు, డ్రిప్ పైపులు, అన్నీ కోశాను. పనస తొనలు తీసేటప్పుడు మాత్రం ముందే బ్లేడుకి కొబ్బరినూనె రాయాలి. లేకపోతే జిగురు రింగు సందులోకి దూరి, తిప్పబోతే కదలదు.

పిడి కొయ్య కాబట్టి తడిస్తే ఉబ్బుతుంది, ముసురు రోజుల్లో బ్లేడు గాడిలో బిగుసుకుంటుంది. గోళ్లు విరగ్గొట్టుకోవద్దు. రింగు లాక్ తీసి, పిడి వెనక కొనని గట్టు మీద టక్కున కొడితే మొన బయటికొస్తుంది. ఫ్రాన్స్ వాళ్లు దీన్నే సవోయ్ వాళ్ల దెబ్బ అంటారట. అసలు మందు, గిన్నెలతో పాటు నీళ్లలో పడేయకపోవడమే.

మా తోటలో పనిచేసే పెద్దాయన మొదటిసారి దీన్ని చూసి, "ఏటి మేస్టారూ, దీంతో గోళ్లు తీసుకుంటారేటి?" అన్నాడు. ఆయన చేతిలో మూరెడు కత్తి ఉంది మరి. నిజమే, కొబ్బరి బోండానికీ తాటి ముంజెలకీ ఇది పనికిరాదు. సందులో దూర్చి మెలితిప్పినా బ్లేడు అంచు పెచ్చు లేస్తుంది, పలచన కదా.

పదునుకి ఇంట్లో పింగాణీ కప్పు బోర్లించి, అడుగున గరుకు అంచు మీద రాస్తే కార్బన్ నాలుగు రాపిళ్లకే దారిలోకొస్తుంది, ఇనాక్స్‌కి కొంచెం ఓపిక కావాలి. వీధిలో సైకిలు మీద వచ్చే సాన చక్రానికి మాత్రం ఇవ్వను. నిప్పురవ్వలు లేచేంత వేడికి పలచటి అంచు గట్టిదనం పోతుంది. విశాఖలో విమానం ఎక్కేవాళ్లు చేతి సంచిలో ఉంచుకోకండి, చెకిన్ సామాను‌లో పెట్టేయాలి.

కార్బన్ చాకు ఇప్పుడు శ్రీకాకుళంలో మా వంటింట్లో ఉంది. ఉల్లిపాయలకి మా ఆవిడ దాన్నే తీస్తుంది, కోయగానే గుడ్డతో తుడిచి పెడుతుంది. మామిడికాయకి మాత్రం ముట్టదు, పప్పు నల్లబడుతుందని.