స్టేడియానికి పన్ను డబ్బు: జనం ఓటేయాలా, కౌంటీ పెద్దలు తేల్చాలా?

2024 ఏప్రిల్ 2న అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఓటర్ల ముందు ఒక ప్రశ్న పెట్టారు. వంద డాలర్ల కొనుగోలుకి ముప్ఫై ఏడున్నర సెంట్ల చొప్పున 40 ఏళ్లు అమ్మకపు పన్ను కట్టి, రాయల్స్ టీమ్‌కి డౌన్‌టౌన్ దగ్గర కొత్త బేస్‌బాల్ మైదానం, చీఫ్స్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఆరోహెడ్ స్టేడియం మరమ్మతులు చేయిద్దామా అని. చీఫ్స్ సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, గెలిచి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఊరంతా ఎర్ర చొక్కాలే. అయినా దాదాపు 58 శాతం మంది వద్దన్నారు.

దీనికి పూర్తిగా ఎదురు దారి జార్జియాలోని కాబ్ కౌంటీది. అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ టీమ్‌వాళ్లు ఊరి మధ్య నుంచి శివారుకి వస్తామని 2013 నవంబర్‌లో ప్రకటించారు. అదే నెల 26న కౌంటీ కమిషనర్లు 4-1తో సరే అనేశారు. పన్ను సొమ్ము దాదాపు 30 కోట్ల డాలర్లు, జనం ఓటు మాత్రం లేదు. 2014 మేలో తుది ఒప్పందాల మీద మీటింగ్ పెడితే, మాట్లాడడానికి ఉన్న 12 అవకాశాలూ ముందే వచ్చి లైన్లో నిలబడ్డ మద్దతుదారులకే వెళ్లిపోయాయి. 2016లో కమిషన్ ఛైర్మన్ టిమ్ లీ ఎన్నికలో ఓడిపోయారు. అప్పటికి స్టేడియం సగం పైగా లేచింది, బాండ్లు అమ్మేశారు. జనం కోపం చూపించారు గానీ, ఆ అప్పు మాత్రం రద్దు కాలేదు కదా.

నన్నడిగితే ఈ ఒక్క తేడా చాలు, ఓటు దారే మేలు అనడానికి. నాలుగేళ్ల కోసం ఎన్నుకున్న మనిషి ముప్ఫై, నలభై ఏళ్ల అప్పు మీద సంతకం పెడుతుంటే ముందు ఒకసారి అడగాలి. పైగా స్టేడియం వల్ల ఊరు బాగుపడిపోతుందనే మాటని ఆర్థికవేత్తలు చాలా ఏళ్లుగా ఒప్పుకోవడం లేదు. కుటుంబాలు ఆటకి పెట్టే డబ్బు కొత్తగా పుట్టదు, అదే ఊళ్లో హోటల్‌కో సినిమాకో పెట్టేది ఇటు మళ్లుతుందంతే. ఫుట్‌బాల్ స్టేడియంలో అయితే సీజన్‌లో సొంత మ్యాచ్‌లు ఎనిమిదో తొమ్మిదో.

అలాగని ఓటు పెడితే అన్నీ సర్దుకుంటాయని కాదు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో 1995 సెప్టెంబర్‌లో మారినర్స్ బేస్‌బాల్ స్టేడియానికి జనం కొద్ది తేడాతో వద్దన్నారు. నెల తిరక్కుండానే రాష్ట్ర శాసనసభ వేరే పన్నులతో దారి వెతికింది, 1999లో స్టేడియం తెరిచారు. వద్దన్నవాళ్లకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. జాక్సన్ కౌంటీ కథా అక్కడితో ఆగలేదు. 2025 డిసెంబర్‌లో చీఫ్స్ పక్క రాష్ట్రం కాన్సాస్‌కి వెళ్తున్నట్టు ప్రకటించారు. 300 కోట్ల డాలర్ల స్టేడియంలో 60 శాతం దాకా ప్రభుత్వ బాండ్లే. ఆమోదించింది శాసనసభ నాయకుల కమిటీ, కాన్సాస్ జనాన్ని ఎవరూ అడగలేదు.

ఓటింగ్‌లో ప్రతిపాదన ఓడితే టీమ్ పోతుందన్న భయం వట్టిది కాదన్నమాట. అరిజోనాలోని టెంపేలో 2023 మేలో కయోటీస్ హాకీ టీమ్ స్టేడియానికి ఓటర్లు కాదన్నాక, మరుసటి ఏడాదే ఆ టీమ్ సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. టీమ్ ఉంటే ఉండే సరదా నిజమే. దానికి ఎంత కట్టొచ్చో ఆ ఊరివాళ్లే చెప్పాలి.

జనం అవునన్న ఊరు కావాలంటే డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌ని చూడండి. 1991లో రేంజర్స్ బేస్‌బాల్ టీమ్‌కి, 2004లో కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్‌కి, మళ్లీ 2016లో రేంజర్స్‌కి సరే అన్నారు. మూడోసారి 50 కోట్ల డాలర్ల దాకా. అప్పటికి పాత బేస్‌బాల్ మైదానం వయసు 22 ఏళ్లే. కారణం? టెక్సస్ ఎండ, పైన కప్పు లేదు. ఈ లెక్కన మన ఊళ్లలో ఎన్ని స్టేడియాలు కట్టాలో!

ఓటు పెట్టినా పన్ను ఏది అన్నదాన్నిబట్టి న్యాయం మారుతుంది. శాన్ ఆంటోనియోలో 2025 నవంబర్‌లో స్పర్స్ బాస్కెట్‌బాల్ అరీనాకి జనం ఒప్పుకున్నది హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద వేసే పన్నుతో. అది ఎక్కువగా బయటి నుంచి వచ్చేవాళ్ల జేబులోది. అమ్మకపు పన్ను అలా కాదు, పిల్లల బూట్లు కొన్నా కట్టాలి. నా వరకు హోటల్ పన్ను ప్రశ్నైతే ఆలోచిస్తాను, అమ్మకపు పన్నైతే వద్దనే అంటాను. ఇంకోటి, జాక్సన్ కౌంటీలోలా రెండు టీమ్‌లని ఒకే ప్రశ్నలో కట్టేయడం తప్పు. ఒకటి నచ్చి ఇంకోటి నచ్చనివాడు ఏం చేయాలి?

అమెరికాలో ఉన్న మనవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. ఆర్లింగ్టన్‌లో బిర్యానీ పార్సిల్ కట్టించుకున్నా స్టేడియం వాటా పోతుంది, హెచ్‌-1బీ అయినా గ్రీన్ కార్డ్ అయినా. బ్యాలెట్ దగ్గర మాత్రం వాళ్లకి ఓటు లేదు. కౌన్సిల్ మీటింగ్‌లో మైకు ముందు నిలబడితే పౌరుడివా అని సాధారణంగా ఎవరూ అడగరు. అందుకే ఓటు పెట్టే ఊళ్లో కూడా, ప్రశ్న బ్యాలెట్ మీదికి ఎక్కకముందే ఆ మీటింగ్‌కి వెళ్లాలంటాను. కాబ్‌లోలా 12 అవకాశాలే ఉంటే, కాస్త పెందలాడే వెళ్లాలి.