కేర్ హోమ్‌ను ఆదివారం చూడాలి: కొన్నేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

అమ్మ కొన్నేళ్లుగా ఉంటున్న వృద్ధుల కేర్ హోమ్ గురించి రాస్తున్నాను. ఒకే అంకె చెప్పమంటే ఐదుకు మూడున్నర అంటాను గానీ, ఆ అంకెతో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. పగటిపూట నర్సింగ్‌కు నాలుగున్నర ఇస్తాను. రాత్రులకూ ఆదివారాలకూ రెండు కూడా ఎక్కువే. పేరు రాయడం లేదు. అమ్మ ఇంకా అక్కడే ఉంది, ఆమెను చూసుకుంటున్నదీ వాళ్లే.

పక్షవాతం వచ్చి అమ్మకు ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మింగడం కష్టం. మతిమరుపు మెల్లగా ముదురుతోంది. ఇరవై నాలుగు గంటలూ నర్సు అందుబాటులో ఉండే చోటు తప్పనిసరైంది. చేర్చే ముందు వాళ్లు చూపించినవన్నీ చూశాం: గాలి, వెలుతురు, వీల్‌చైర్ వెళ్లే వాలు దారులు, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు. అన్నీ ఉన్నాయి. వాటి గురించి ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. వైద్య సేవల నాణ్యతను దేనితో కొలవాలన్న ప్రశ్నకు వైద్యుడు, పరిశోధకుడు అవెడిస్ డొనబేడియన్ 1966లో మూడు కొలతలు చెప్పాడు: ఉన్న వసతులు, జరిగే పని, వచ్చే ఫలితం. కేర్ హోమ్‌ల బ్రోచర్లు మొదటి కొలత దగ్గరే ఆగిపోతాయి. రెండోది తెలియాలంటే అక్కడ గంటల తరబడి కూర్చోవాలి. మూడోది మనవాళ్ల ఒంటి మీదే కనబడుతుంది.

ఒంటి మీద మొదట చూడాల్సింది పడక పుండ్లు. ఎక్కువ సమయం మంచంలోనే గడిపేవారికి నడుము కింది ఎముక దగ్గర, మడమల మీద, తుంటి పక్కన చర్మం నలిగి, రక్తం అందక చచ్చుబడుతుంది. వేలితో నొక్కి వదిలాక కూడా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది మొదటి దశ. చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ ఎరుపు సరిగా కనబడదు కాబట్టి చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగిలితే అనుమానించాలి. నాలుగో దశకు చేరితే ఎముక కూడా కనబడవచ్చు. చాలావరకు ఆపగలిగిన గాయం ఇది. అందుకే ఒక హోమ్‌ను అంచనా వేయడానికి దీన్ని మించిన గుర్తు నాకు కనబడలేదు.

ఈ విషయంలో అమ్మ ఉన్న హోమ్ నిజంగా మంచిది. చేరిన రోజే అక్కడి నర్సు పడక పుండ్ల ప్రమాదాన్ని బ్రేడెన్ స్కేలు ప్రకారం అంచనా వేసింది. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రోమ్ ప్రచురించిన కొలమానమది. స్పర్శ తెలియడం, చర్మం తడి, నడక, మంచంలో కదలిక, తిండి, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 మధ్య వస్తుంది; తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. మార్కులు వేయడం ఎవరైనా చేస్తారు. అమ్మకు తక్కువ వచ్చిందని ఆ సాయంత్రానికే గాలి పరుపు తెచ్చి వేశారు. నేను మెచ్చుకున్నది అది. ఇన్నేళ్లలో అమ్మకు మొదటి దశ దాటిన పుండు రాలేదు.

అయితే పుండ్లు రాకుండా మనిషిని పక్కకు తిప్పినట్టు నమోదు చేసే చార్టును మాత్రం నమ్మకండి, చదవండి. రెండూ వేరు. నిజంగా తిప్పిన చార్టులో 10:10, 12:25, 2:05 అని సమయాలు వంకరటింకరగా ఉంటాయి. ఒక మనిషికి డైపర్ మారుస్తుంటే ఇంకో మనిషి దగ్గర ఆలస్యమవుతుంది మరి. ఒకే పెన్నుతో, ఒకే చేతివ్రాతతో, గడియారం గంట కొట్టినట్టు సరిగ్గా రెండేసి గంటలకు టిక్కులు పడి ఉంటే వాటిని ఒకేసారి కూర్చుని పెట్టారన్నమాట. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు నేను అక్కడే ఉన్నాను. చార్టులో నాలుగు గంటల టిక్కు అప్పటికే పడి ఉంది. డ్యూటీలో ఉన్నామెను అడిగితే, "ఎలాగూ తిప్పుతాం కదండీ" అంది. కసురుకోలేదు, దాచుకోలేదు, ఆశ్చర్యంగా చూసింది. అంటే అది అక్కడ మామూలే.

బరువు సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఏ ప్రయత్నమూ లేకుండా నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే దాన్ని తీవ్రంగా తీసుకోవాలన్నది ఈ రంగంలో స్థిరపడ్డ లెక్క. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలు అన్నమాట. బట్టల మీద ఆ తేడా కనబడదు. ప్రతి నెలా ఒకే తూకం మీద తూచారా, నమోదు చేశారా, తగ్గినప్పుడు ఏం చేశారు అన్న మూడూ అడగాలి. అమ్మ బరువు తగ్గుతోందని మాకంటే ముందు హోమ్ వాళ్లే పట్టుకున్నారు. మింగడాన్ని పరీక్షించే నిపుణురాలిని పిలిపించారు. పల్చని ద్రవాలు శ్వాసనాళంలోకి జారుతున్నాయని తేలింది. అప్పటి నుంచి తాగేవన్నీ చిక్కబరిచి ఇస్తున్నారు. తాగేవీ తినేవీ ఎంత చిక్కగా, మెత్తగా ఉండాలో చెప్పడానికి 0 నుంచి 7 దాకా అంతర్జాతీయ స్థాయిలు ఉన్నాయి. అమ్మది రెండో స్థాయి. మంచం తలవైపు కాగితం అంటించారు.

వారంలో ఆరు రోజులు ఆ కాగితం పనిచేస్తుంది. ఏడో రోజు వచ్చే బదులు మనిషికి అది గోడ మీది కాగితం మాత్రమే. పల్చని నీళ్లే గ్లాసులో పోసి, పడుకున్న మనిషికి తాగించబోతుంటే నేనే ఆపాను. తాగేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, ఆ తర్వాత అరగంట దాకా అలాగే ఉంచాలి. ఈ మాట బదులు మనిషికి ఎవరూ చెప్పలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. షిఫ్టు మారేటప్పుడు మనిషికి మనిషి ఎదురుగా నిలబడి అప్పగించే పద్ధతి ఆదివారం ఉండదు.

మాత్రల దగ్గర నాకు కోపం తెప్పించిన సంఘటన ఒకటుంది. అమ్మ ఉన్నట్టుండి పగలంతా మత్తుగా ఉండడం మొదలుపెట్టింది. మాట తడబడేది. వయసు అన్నారు, వాతావరణం అన్నారు. మందుల షీటు తీయించి చూస్తే రాత్రిళ్లు అరుస్తోందని కొత్తగా ఒక మానసిక వ్యాధి మాత్ర చేర్చారు. మతిమరుపు ఉన్న వృద్ధులకు ఈ రకం మందులిస్తే మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఎప్పుడూ వాడకూడదని కాదు. ఎందుకు వాడుతున్నారు, ఎన్నాళ్లు, ఎప్పుడు మళ్లీ చూస్తారు అన్నది రాసి ఉండాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. రెండూ జరగలేదు. డాక్టరు వచ్చి నిదానంగా విన్నారు, మోతాదు తగ్గిస్తూ ఆపేశారు. తీరా చూస్తే అరుపులకు కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్. వృద్ధులకు హాని చేసే అవకాశమున్న మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం 1991లో మొదటిసారి తయారుచేసింది ఇలాంటి హోమ్‌లలో ఉండేవారి కోసమే. ఇప్పటికీ దాన్ని సవరిస్తూ వస్తున్నారు. మీవాళ్ల మందుల షీటును ఆ జాబితాతో పోల్చి చూడమని డాక్టరును అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మందుల గదిలో ఇంకో రెండు చిన్న విషయాలు చూడొచ్చు. ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజూ రాసిన పట్టిక తలుపు మీద ఉండాలి. మాత్ర మింగాక సంతకం పెడుతున్నారా, ట్రాలీ బయలుదేరకముందే అందరికీ కలిపి పెట్టేస్తున్నారా అన్నది మందులిచ్చే వేళకు వరండాలో నిలబడితే తెలిసిపోతుంది. ఈ రెండింటిలో ఇక్కడ వంక పెట్టడానికి లేదు.

కాలింగ్ బెల్ గురించి చెప్పకపోతే అన్యాయం. ప్రతి మంచానికీ బెల్ ఉందని గర్వంగా చూపిస్తారు. అమ్మ బెల్ ఎడమ పక్కన వేలాడేది. ఆ చేయి పనిచేయదు! చెప్పగానే కుడివైపుకు మార్చారు. దుప్పటి మార్చిన మర్నాడు మళ్లీ ఎడమవైపే. మళ్లీ చెప్పడం, మళ్లీ మార్చడం. చివరకు గోడకు కుడివైపున కొక్కెం కొట్టించాక ఆ గొడవ తీరింది. మీరు వెళ్లినప్పుడు బెల్ ఉందా అని అడగకండి. నొక్కండి, గడియారం చూసుకోండి. పగలు ఇక్కడ రెండు మూడు నిమిషాల్లో వస్తారు. తెల్లవారుజామున పావుగంట దాటిన సందర్భాలు నేనే చూశాను. పడిపోవడాలు ఎక్కువగా ఆ పావుగంటలోనే జరుగుతాయి: బాత్రూంకు వెళ్లాలి, ఎవరూ రాలేదు, తనే లేస్తుంది.

పడిపోకుండా మంచానికి రెండువైపులా కడ్డీలు ఎత్తి ఉంచుతామని కొందరు చెబుతారు. వినడానికి భద్రంగా ఉంటుంది. మతి స్థిమితం లేని మనిషి ఆ కడ్డీల మీదుగా ఎక్కి దిగబోతే మరింత ఎత్తు నుంచి పడుతుంది. కడ్డీల సందులో తల ఇరుక్కుని చనిపోయినవాళ్లూ ఉన్నారు. లేవకుండా ఆపే కడ్డీలూ ఒకరకంగా కట్టిపడేయడమే; అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల 1987 చట్టం క్రమశిక్షణ పేరుతో గానీ సిబ్బంది సౌకర్యం కోసం గానీ వృద్ధులను కట్టిపడేయకూడదని తేల్చి చెప్పింది. అమ్మకు నేలకు దగ్గరగా దిగే మంచం, పక్కన మెత్తటి చాప వేశారు. ఒకసారి జారింది, దెబ్బ తగల్లేదు. ఆ సంగతి గంటలోపే మాకు ఫోను చేసి చెప్పారు, రిజిస్టరులో రాశారు. పడిపోయిన ఘటనలు సున్నా అని చూపించే హోమ్ ఏదైనా ఉంటే నేను అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను. సున్నా అంటే రాయడం లేదని అర్థం.

ఇక అగ్ని ప్రమాదం. 2014 జనవరిలో కెనడాలోని లిల్ వెర్త్ అనే ఊళ్లో వృద్ధుల నివాసం తగలబడి 32 మంది చనిపోయారు. నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు భవనంలో ఒక భాగంలో ఉన్నాయి, పాత భాగంలో లేవు. మంటలు లేచింది అర్ధరాత్రి దాటాక. ఈ ఉదంతం చదివాక నేను హోమ్ నిర్వాహకులను అడిగింది ఒకటే: రాత్రి రెండు గంటలకు ఈ అంతస్తులో లేవలేనివాళ్లు ఎంతమంది, లేపేవాళ్లు ఎంతమంది? మంటలు ఆర్పే సిలిండర్ల తనిఖీ తేదీలు చూపించారు, అవి సరిగానే ఉన్నాయి. నా ప్రశ్నకు జవాబు మాత్రం కొన్ని వారాలు సాగింది. వచ్చిన జవాబు బాగాలేదు: అంతస్తుకు ఇద్దరు, అందులో ఒకరు నర్సు, ఆమె చూసుకోవాల్సింది రెండు అంతస్తులు. పొగను ఆపే తలుపును కుర్చీ అడ్డం పెట్టి తెరిచి ఉంచడం కూడా రాత్రే చూశాను. పగలు ఆ కుర్చీ ఉండదు.

కరెంటు పోతే? 2017లో ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ పనిచేయక ఉక్కలో మగ్గి 12 మంది వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి జనరేటర్ ఉందని చెబితే సరిపోదు. అది దేనికి కరెంటు ఇస్తుంది? గాలి పరుపులకా, ఆక్సిజన్ యంత్రాలకా, లిఫ్టుకా, ఏసీకా? ఇక్కడ మొదట్లో లైట్లకూ లిఫ్టుకూ మాత్రమే ఉండేది. కుటుంబాలన్నీ కలిసి అడిగాక పరుపులనూ ఒక పెద్ద హాలు ఏసీనీ దానికి కలిపారు.

వేడి నీళ్ల గురించి ఎవరూ అడగరు. న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా గోరువెచ్చని నీళ్లలో పెరుగుతుంది, అందుకే ట్యాంకులో 60 డిగ్రీల వేడి ఉంచాలి. అదే నీరు కుళాయిలోంచి నేరుగా వస్తే వృద్ధుల చర్మం సెకన్లలో కాలిపోతుంది. కాబట్టి కుళాయి దగ్గర చల్లనీళ్లు కలిపే వాల్వు ఉండాలి. ఇక్కడ ఉంది, స్నానానికి ముందు థర్మామీటరుతో చూస్తారు కూడా. శభాష్ అనాల్సిందే.

ప్రభుత్వ తనిఖీ నివేదికలు చదవాలా? చదవాలి, అవి దొరికే చోట. ఇంగ్లండ్‌లో తనిఖీ సంస్థ భద్రత, ఫలితం, ఆదరణ, స్పందన, నాయకత్వం అనే ఐదు కోణాల్లో చూసి నాలుగు శ్రేణుల్లో ఒకటి ఇస్తుంది. అమెరికాలో 2008 నుంచి నక్షత్రాలు ఇస్తున్నారు. మొదట్లో సిబ్బంది సంఖ్య హోమ్‌లు తమ గురించి తాము చెప్పుకున్నదే. తర్వాత జీతాల లెక్కల నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు బయటపడ్డ విషయాల్లో శని, ఆదివారాల్లో సిబ్బంది బాగా తగ్గిపోవడం ఒకటి. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నివేదిక పాతదైతే ఇంకో చిక్కు: నర్సుల ఇన్‌చార్జి మారితే ఆరు నెలల్లో హోమ్ మారిపోతుంది. ఇక్కడ ఒకావిడ వెళ్లిపోయి ఇంకొకావిడ వచ్చేదాకా జరిగిన నిర్లక్ష్యం ఏ నివేదికలోనూ కనబడదు. కొత్తావిడ వచ్చాక చార్టుల్లో మళ్లీ వంకరటింకర సమయాలు కనబడుతున్నాయి, కనీసం పగటిపూట.

ఈ హోమ్ ఎవరికి సరిపోతుందంటే, మంచం పట్టినవారికి, గాయాలకు కట్లు మార్చాల్సినవారికి, ముక్కు గొట్టంతో ఆహారం ఇవ్వాల్సినవారికి నిస్సందేహంగా చెబుతాను. ఆదివారాలు మీలో ఒకరు వెళ్లి కూర్చోగలిగితే ఇంకా మంచిది. నడవగలిగి, మతిమరుపుతో రాత్రిళ్లు లేచి తిరిగేవారిని మాత్రం రాత్రి డ్యూటీలో అంతస్తుకు ఇంకొక మనిషిని పెంచేదాకా ఇక్కడ చేర్చమని నేను చెప్పను.